అద్దం లేని పటం

మా నాన్న లెక్కలో అద్దం లేనిది పటం కాదు. అనంతపురం పాతూరులో ఆయన పటాలు కట్టే అంగడి పెట్టింది 1984లో. వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, అన్నిటికీ ఒకటే పద్ధతి. వెనక అట్ట, ముందు అద్దం, చుట్టూ చెక్క, చిన్న చిన్న మేకులు. 2015లో నేను కాన్వాస్ ప్రింట్లు మొదలుపెట్టి, దీనికి అద్దం అక్కర్లేదు నాన్నా, చెక్కకు బిగించి నేరుగా గోడకు తగిలించొచ్చు అని చెప్పాను. ఆయన ప్రింటు వైపు కాసేపు చూసి ఒకటే మాట అడిగినాడు.

"ఈగ వాలితే?"

నవ్వొచ్చింది కానీ జవాబు రాలేదు. ముప్పై ఏళ్ళు పటాలు తుడిచిన మనిషి అడిగే ప్రశ్న అది. ఈగ వాలితే చిన్న నల్ల చుక్క పెడుతుంది. అద్దం మీదయితే తడిగుడ్డతో పోతుంది. కాన్వాస్ మీదయితే?

పోదు. కాన్వాస్ అంటే ఉత్త గుడ్డ కాదు. నూలు, పాలిస్టర్ కలిపి నేసిన గుడ్డ మీద సుద్దలాంటి తెల్లటి పూత ఉంటుంది. ప్రింటర్ నుంచి వచ్చే ఇంకును పీల్చుకుని పట్టి ఉంచేది ఆ పూతే. ఇంకు పీల్చుకునేది నీళ్ళు పీల్చుకోదా? పీల్చుకుంటుంది. చెమట వేలు పెడితే అచ్చు పడుతుంది, గోరు తగిలితే తెల్ల గీత పడుతుంది. మొదట్లో అట్లాంటి ప్రింట్లు ఒక పదో పన్నెండో అలాగే ఇచ్చేశాను. వాటిలో కొన్ని ఇప్పటికీ ఎవరి ఇళ్ళలో ఉన్నాయో తెలుసు, ఆ వీధుల్లో పోయేటప్పుడు కొంచెం వేగంగా పోతాను.

ఈగకు జవాబు కోటింగ్. ప్రింటు పైన కంటికి కనిపించని పారదర్శకమైన పూత. అది తెలిసింది కానీ ఏ పూత అన్నది తెలియలేదు. మా పక్కనే వడ్రంగి అన్న ఒకాయన తలుపులకు వేసే క్లియర్ వార్నిష్ డబ్బా ఇచ్చినాడు. బ్రష్‌తో వేశాను. ఆ రోజు ఎంత బాగుందంటే, నలుపులన్నీ అప్పుడే నీళ్ళు చల్లినట్టు నిగనిగలాడినాయి. అది గండికోట ఫోటో, పెన్నా లోయ మీద తెల్లటి పొద్దుటి మబ్బు. అదృష్టం కొద్దీ ఎవరికీ అమ్మకుండా మా అంగట్లోనే తగిలించుకున్నాను. ఏడాది తిరిగేసరికి మబ్బుకు పసుపు పట్టింది. రెండో ఏడాదికి గండికోటలో దుమ్ముగాలి లేచినట్టుంది బొమ్మ. నూనె ఆధారంగా చేసే వార్నిష్‌లు గాలి తగిలి గట్టిపడతాయి, ఆ గట్టిపడటం ఆగదు, దాంతోపాటే పసుపు తిరుగుతుంది. టేకు తలుపుకు ఆ పసుపు అందమే. తెల్ల మబ్బుకు కాదు.

ఈ తప్పు నేనొక్కడినే చేయలేదని తర్వాత తెలిసి కొంచెం ఊరట కలిగింది. 1920 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం అజంతా గుహల్లో బొమ్మలు కాపాడమని ఇటలీ నుంచి సెక్కోని అనే నిపుణుణ్ణి, ఆయనకు తోడు ఇంకొకాయన్ని పిలిపించింది. పెచ్చులూడిపోతున్న గోడ పూతను వాళ్ళు నిలబెట్టినారు, ఆ మేలు కాదనలేం. కానీ బొమ్మల మీద లక్కతో చేసిన వార్నిష్ పూసినారు. మొదట రంగులు మెరిసి ఉంటాయి, నా గండికోట లాగే. తర్వాత అది పసుపు తిరిగి, దుమ్మూ మసీ పట్టి, కింద ఉన్న అసలు రంగులను కప్పేసింది. ఆ పూతను కొంచెం కొంచెంగా తీయడం మన పురావస్తు శాఖ రసాయన నిపుణులకు దశాబ్దాల పని అయింది. వాళ్ళకు కనీసం తీసే వీలుంది. ఇంక్‌జెట్ కాన్వాస్ మీద పూత వేశాక తీద్దామంటే ఇంకు కూడా ఊడొస్తుంది. అందుకే డబ్బా మూత తీసే ముందు నేను ఇప్పటికీ ఒకసారి ఆగుతాను.

ఇప్పుడు వాడేది నీళ్ళలో కలిసే అక్రిలిక్ కోటింగ్. దీంట్లో బాగా మెరిసే గ్లాసీ, కొంచెం మెరిసే శాటిన్, మెరవని మ్యాట్ అని మూడు రకాలు దొరుకుతాయి. డబ్బా తెరిస్తే పాలలాగా తెల్లగా ఉంటుంది. మొదటిసారి బొమ్మ మీద వేసినప్పుడు అంతా తెల్లబడిపోయి నాకు గుండె జారినంత పనైంది. భయపడక్కర్లేదు. కంటికి కనిపించనంత సన్నటి ప్లాస్టిక్ గోళీలు నీళ్ళలో తేలుతుంటాయి, తెలుపు అందుకే. నీళ్ళు ఆరిపోయేకొద్దీ గోళీలు దగ్గరికి జరిగి ఒకదానికొకటి అతుక్కుని పొర అవుతాయి, తెలుపు మాయమవుతుంది. నీళ్ళు మెల్లగా ఆరితే పొర తనంతట తాను సమం చేసుకుంటుంది. గబగబా ఆరితే రోలర్ గీతలు గీతలుగానే మిగిలిపోతాయి.

ఇక్కడే మన అనంతపురం అడ్డం పడుతుంది. డబ్బా మీద రాసిన సూచనలు చల్లటి గదుల్లో కూర్చుని రాసినవి. మనకు ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు. మధ్యాహ్నం రెండు గంటలకు రోలర్ ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయేలోపల వెనక ఆరిపోయింది. మళ్ళీ దాని మీదికి పోతే రోలర్ పట్టుకుని లాగినట్టయింది, పొర లేచి ముద్దలు ముద్దలయింది. రెండు కాన్వాస్‌లు అట్లా పోయినాయి. చల్లగా ఉంటుందని ఫ్యాన్ వేస్తే ఇంకా తొందరగా ఆరింది, దానికి తోడు ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము మొత్తం బొమ్మ మీదికి దిగింది. ఆషాఢం గాలి సంగతి సరే సరి, ఆ నెల రోజులూ కిటికీలు మూసినా ఇసుక ఎట్ల వస్తుందో తెలియదు.

చివరికి దారి చూపించింది మా అమ్మ. చూపించింది అంటే ఏమీ చెప్పలేదు, తన పని తను చేసుకుంది. పొద్దున ఐదింటికి అంగడి ముందు కళ్ళాపి చల్లుతుంది. ఆ అరగంట, ముప్పావుగంట వీధిలో దుమ్ము లేవదు, ఎండ రాదు, ఆటోలు తిరగవు. నా కోటింగ్ పని అప్పుడే. ముందురోజు రాత్రే గది తడిగుడ్డతో తుడిచి, కాన్వాస్‌ను బల్ల మీద నాలుగు వైపులా టేపు వేసి పెట్టుకుంటాను. అమ్మ బకెట్ చప్పుడు వినిపించగానే డబ్బా మూత తీస్తాను.

నీళ్ళు ఇంకో కథ. చిక్కగా ఉంటే పదోవంతు నీళ్ళు కలుపుకోవచ్చు. మొదట బోరు నీళ్ళు కలిపాను. మన బోరు నీళ్ళు ఎట్లాంటివో గీజర్ రాడ్ చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉన్న ప్రింటు మీద ఆరిన తర్వాత సన్నటి తెల్ల మచ్చలు తేలినాయి. ఇప్పుడు బ్యాటరీ అంగట్లో డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చుకుంటాను. ఆ అంగడాయన నన్ను చూసినప్పుడల్లా "ఇన్వర్టర్లు ఎన్ని ఉండాయప్పా మీ ఇంట్లో?" అంటాడు.

కలిపేటప్పుడు డబ్బాను ఊపకూడదు. ఊపితే బుడగలు, బుడగలు పగిలితే బొమ్మంతా మశూచి గుంతలు. చెక్క గరిటెతో అడుగు నుంచి మెల్లగా తిప్పాలి. మ్యాట్ డబ్బా అయితే మరీ జాగ్రత్త. మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుంటుంది. అది కలవకపోతే సగం బొమ్మ మెరుస్తుంది, సగం మెరవదు.

రోలర్ నాలుగు అంగుళాల స్పాంజిది, చిన్న రంధ్రాలది. కొత్తది కొన్న వెంటనే టేపును చుట్టి చుట్టి పీకితే ఊడే నూగు ఊడిపోతుంది. కాన్వాస్‌ను కూడా ప్రింటుకు ముందే మెత్తటి బ్రష్‌తో దులపాలి. లేకపోతే గుడ్డకు అంటుకున్న దూదిపోగు మీద ఇంకు పడుతుంది, కోటింగ్ వేసేటప్పుడు పోగు రాలుతుంది, అక్కడ తెల్ల చుక్క. పద్దెనిమిది ఇంటూ ఇరవై నాలుగు అంగుళాల ప్రింటుకు ఒక కోటు పట్టేది సగం టీ గ్లాసుకు అటూ ఇటూ. ముందు నిలువుగా, వెంటనే అడ్డంగా, చివర రోలర్ బరువు మాత్రమే ఆనేలా ఒకసారి పైపైన. చెవి పెట్టి వినాలి. తడిగా ఉన్నంతసేపు రోలర్ చప్పుడు చేయదు. ఆరడం మొదలైతే పిటపిట అంటుంది. ఆ పిటపిట వినపడిందంటే చేయి ఎత్తేయాలి. మూలలో ఒక చోట సరిగా పడలేదని ఎంత మనసు పీకినా సరే. రెండో కోటు ఉంది కదా, అది అప్పుడు చూసుకోవచ్చు. పల్చటివి రెండు కోట్లు వేస్తే చాలు. మందంగా ఒకటే వేస్తే, ముఖ్యంగా గ్లాసీ అయితే, చెక్కకు బిగించేటప్పుడు అంచుల మీద పగుళ్ళు వస్తాయి.

ప్రింటు తీసిన రోజే కోటింగ్ వేయను, కనీసం ఒక రోజు ఆగుతాను. ఇంకు తాకితే ఆరినట్టే ఉంటుంది, కానీ దాంట్లో గ్లైకాల్ లాంటివి మెల్లమెల్లగా బయటికి పోతుంటాయి. ఇది నాన్నకు చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగింది. "అందుకేనా నీ ప్రింట్లకు అద్దం వేస్తే లోపల పొగ పట్టేది!" అన్నాడు. నిజమే. కొత్తగా తీసిన ఇంక్‌జెట్ ప్రింట్లకు ఆయన అద్దం బిగిస్తే కొన్నాళ్ళకు లోపలి వైపు మంచులాంటి పొర కనిపించేది. చెక్కలో తేమ అనుకుని ఆయన చెక్కలు ఎండబెట్టేవాడు పాపం.

ఉసుళ్ళ గురించి కూడా చెప్పాలి. జూన్‌లో తొలి వాన పడిన మర్నాడు చీకటితోనే లైటు వేసుకుని లేపాక్షి బసవన్న ప్రింటుకు కోటింగ్ వేస్తున్నాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే వాన పడే ఊళ్ళో వాన పడిన ఆనందంలో కిటికీ మూయడం మరిచాను. రెండో కోటు సగంలో ఉండగా ఉసుళ్ళు దిగినాయి. పట్టకారుతో ఒక్కొక్కటే తీశాను. ఒక రెక్క మాత్రం బసవన్న మెడ దగ్గర పొరలో మునిగిపోయింది. లాగితే మచ్చ పడుతుందని వదిలేశాను. ఆ ప్రింటు తీసుకున్న ఆయన ఇప్పటివరకు గమనించలేదు. దగ్గరికి పోయి చూస్తే నరాలతో సహా కనిపిస్తుంది, ఎంత పారదర్శకమైన పూతో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"ప్రింటుకు డబ్బులిస్తిమి కదా, మళ్ళా ఈ పూతకెందుకు?" అనేవాళ్ళు వారానికి ఇద్దరైనా తగులుతారు. వాళ్ళకు వివరించడం మానేశాను. కోటింగ్ వేసిన ముక్క ఒకటి, వేయనిది ఒకటి బల్ల మీద పెట్టుకున్నాను. తడిగుడ్డ వాళ్ళ చేతికే ఇస్తాను. కోల్డ్ లామినేషన్ చేసి ఇవ్వమనేవాళ్ళూ ఉన్నారు. ఫ్లెక్సీ అంగళ్ళలో అలవాటైన పని అది. కాన్వాస్ మీద ప్లాస్టిక్ కాగితం అతికిస్తే నేత కనిపించదు, మూలలు మడిచిన చోట లేచి వస్తుంది. కాన్వాస్ తీసుకున్నదే ఆ నేత కోసం కదా. నేను చేయను.

ఇంత నేర్చుకున్నాను, ఇక తప్పు జరగదు అనుకున్నాను. పోయిన ఏడాది ఫిబ్రవరిలో లెక్కల సార్ వచ్చినాడు.

రిటైరై చాలా ఏళ్ళయింది ఆయనకు. నాకు చదువు చెప్పలేదు కానీ ఊళ్ళో సగం మందికి చెప్పినాడు. పేపర్లో చుట్టిన కాన్వాస్ ప్రింటు తెచ్చినాడు. వాళ్ళబ్బాయి ఉద్యోగం చేసే ఊళ్ళో ఎక్కడో తీయించి పంపినాడంట. విప్పితే సార్ భార్య. స్టూడియోలో నీలం తెర ముందు నిలబడి, ధర్మవరం పట్టుచీర, పక్కన ప్లాస్టిక్ పూల కుండీ. ఆమె పోయి రెండేళ్ళు.

"అద్దం పటం ఉండాది నాయనా ఇంట్లో. కిటికీకి ఎదురుగా గోడ. ఆమె మొహం చూద్దామంటే కిటికీ కనిపిస్తాది, నేను కనిపిస్తా. ఆమె కనపడదు. అద్దం లేకుండా చేస్తావంట కదా?"

చేస్తాను సార్ అన్నాను. మర్నాడు పొద్దున కళ్ళాపి వేళకు మొదలుపెట్టాను. నిలువుగా రెండు సార్లు పోయిన తర్వాత రోలర్ మీద లేత గులాబీ రంగు కనిపించింది. అది ఎక్కడిదా అని చూసేలోపలే, ఆమె నుదుటి మీద కుంకుమ బొట్టు కిందికి, కనుబొమల మధ్యకు, సన్నటి దారంలాగా జారుతోంది. తర్వాత పెదాలు. తర్వాత చీర అంచు. స్పాంజితో అద్దుదామని చూశాను, ఇంకా పాకింది. పూత ఇంకా పాలలాగే తెల్లగా ఉంది, ఆ పాలలో ఎరుపు తిరుగుతోంది. రోలర్ ట్రేలో పెట్టి కింద కూర్చున్నాను.

అది డై ఇంకుతో తీసిన ప్రింటు. డై అంటే నీళ్ళలో పూర్తిగా కరిగిపోయే రంగు, చక్కెర లాగా. పిగ్మెంట్ అంటే కరగని రంగు పొడి, గుడ్డ మీది పూతలో ఇరుక్కుని అక్కడే ఉంటుంది. నా ప్రింటర్‌లో ఉన్నది పిగ్మెంట్, నేను రోజూ చూసేది పిగ్మెంట్, అందుకని అన్నీ పిగ్మెంట్ అనుకున్నాను. అంచుల్లో, చెక్క వెనక్కి మడిచే భాగంలో రంగు పడిన చోట, తడి దూది పుల్లతో ఒక్కసారి రుద్ది ఉంటే చాలు. దూదికి రంగు అంటితే నీళ్ళ కోటింగ్ జోలికి పోకూడదు. ద్రావకంతో చేసిన స్ప్రే డబ్బా ఉంటుంది, దాన్ని దూరం నుంచి పల్చగా, ఆరనిస్తూ నాలుగైదు సార్లు కొట్టాలి. పది సెకన్ల పరీక్ష. చేయలేదు.

నాన్న వచ్చి చూసినాడు. ఏమీ అనలేదు. చాలాసేపటికి, "సార్‌కు ఫోన్ చేయొద్దు. ఇంటికి పోయి చెప్పు" అన్నాడు.

పోయాను. చెడిపోయిన కాన్వాస్ కూడా చుట్టి తీసుకుపోయాను, దాచిపెడితే ఇంకా తప్పు అనిపించింది. సార్ విప్పి చూసినాడు. బొట్టు జారిన చోట వేలు పెట్టినాడు.

"ఎక్కడ తప్పిందో దొరికిందా?"

"దొరికింది సార్. మొదటి మెట్టులోనే."

"అయితే మళ్ళీ మొదటి నుంచి చెయ్యి."

అంతే అన్నాడు. బీరువా తెరిచి అసలు ఫోటో ఇచ్చినాడు. స్టూడియో ముద్ర వెనక ఉంది, 1989. స్కాన్ చేసి మా ప్రింటర్‌లోనే తీశాను. ఒక రోజుకు బదులు మూడు రోజులు ఆరబెట్టాను, అవసరం లేదని తెలిసినా. దూది పుల్ల పరీక్ష మూడు చోట్ల చేశాను, అదీ అవసరం లేదు.

మిగిలింది మెరుపు ఎంత ఉండాలన్నది. కిటికీకి ఎదురుగా అంటే గ్లాసీ కుదరదు, మళ్ళీ అద్దమే అవుతుంది. పూర్తి మ్యాట్ వేస్తే వెలుగు తిరగదు కానీ ఆమె జుట్టు నలుపు కాస్తా బూడిద రంగుకు దిగుతుంది. ఒకే కంపెనీవి గ్లాసీ, మ్యాట్ కలుపుకోవచ్చు. మూడు పాళ్ళలో కలిపి, ఫోటోలో జుట్టున్న భాగమే మూడు చిన్న ముక్కలు తీసి వాటి మీద వేసి, సార్ ఇంటికి తీసుకుపోయాను. సాయంత్రం నాలుగింటికి కిటికీలో ఎండ నేరుగా పడే వేళకు గోడ మీద పట్టుకుని నిలబడ్డాను. సార్ కుర్చీలో కూర్చుని చూసినాడు, లేచి చూసినాడు, కళ్ళద్దాలు తీసి చూసినాడు. మధ్యది కాకుండా, మ్యాట్ కొంచెం ఎక్కువున్నదాన్ని చూపించినాడు. నేనైతే మధ్యది తీసుకునేవాణ్ణి. కానీ చూసుకునేది ఆయన.

రెండు కోట్లు వేసి, ఇంకో రోజు ఆరిన తర్వాత చెక్కకు బిగించాను. మార్చి మొదటి వారంలో పోయి తగిలించి వచ్చాను. మేకు కొట్టిన పాత చోటే కావాలన్నాడు. తగిలించాక సార్ కిటికీ రెక్కలు మూసినాడు. తెరిచినాడు. మళ్ళీ మూసి తెరిచినాడు. కుర్చీ ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు. నేను వచ్చేటప్పుడే కాఫీ పెడతానన్నాడు, ఆ సంగతి మరిచిపోయినాడు. స్టూలు పక్కన పెట్టి, సుత్తి సంచిలో వేసుకుని, గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చేశాను.